పొడుచు ఎద్దును కట్టివేయని యజమానుడు

(ప్రకృతి సంహారమును గూర్చిన వాక్య పాఠము)

వాక్య పఠనము: నిర్గమకాండము 21:28–36; ద్వితీయోపదేశకాండము 20:19–20; లూకా 12:42–48
కంఠస్థము చేయవలసిన వచనము: లేవీయకాండము 5:1

ఉపోద్ఘాతము

ఒకని ఎద్దు మనుష్యుని పొడిచి చంపినయెడల తీర్పు ఎట్లు చేయవలెనో మోషే ధర్మశాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది. ఆ ఎద్దు అంతకు ముందెన్నడును పొడిచినది కానియెడల ఎద్దును చంపవలెను, యజమానుడు నిర్దోషి. అయితే అది పొడుచు స్వభావము గలదని అతనికి ముందే తెలుపబడియు, అతడు దానిని కట్టివేయక విడిచినయెడల, నేరము ఎద్దుతో నిలిచిపోదు. అది యజమానుని ప్రాణము మీదికి వచ్చును. ఈ రెండు తీర్పులకు నడుమనున్న భేదమంతయు ఒక్క ప్రశ్నలో నున్నది: అతడు ఎరిగియుండెనా?

పల్లె వాకిట పుట్టిన ఆ ప్రశ్నయే నేడు లోక న్యాయస్థానముల వాకిట నిలిచియున్నది. అడవులను, నదులను, సముద్రములను, నేలను విస్తారముగా నాశనము చేయు కార్యమును అంతర్జాతీయ నేరముగా ఎంచవలెనని కొన్ని దేశములు కోరుచున్నవి. ఆ నేరమునకు ‘ఎకోసైడ్’ అను పేరు పెట్టబడినది. గ్రీకు భాషలో ‘ఓయికోస్’ అనగా ఇల్లు. లాటిను భాషనుండి వచ్చిన రెండవ భాగమునకు చంపుట అని అర్థము. కాబట్టి ఆ మాటకు సరియైన భావము ‘ఇంటిని చంపుట’. లూకా సువార్త 12వ అధ్యాయములో ప్రభువు చెప్పిన గృహనిర్వాహకునికి గ్రీకులో వాడబడిన పేరు కూడ ఆ ‘ఓయికోస్’ అను మాటనుండియే పుట్టినది. ఇల్లు ఒకరిది, దాని కాపుదల వేరొకరిది. కాపాడవలసినవాడే ఆ ఇంటిని చంపినయెడల వానికి తీర్పు ఏమి? ఈ పాఠములో ఆ సంగతిని విచారింతము.

1. ఒక శాస్త్రజ్ఞుని మనస్సాక్షి

ఈ మాటను 1970వ సంవత్సరమున వాషింగ్టనులో జరిగిన ఒక సభలో ఆర్థర్ గాల్‌స్టన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు లోకము ముందుంచెను. ఆయన యౌవనములో, రెండవ ప్రపంచ యుద్ధకాలమున, సోయాచిక్కుడు మొక్కలు త్వరగా పూయుటకు ఉపకరించు ఒక రసాయనమును గూర్చి పరిశోధించెను. దానిని కొద్దిగా వాడినయెడల మొక్కకు మేలు కలిగెను. మితిమీరి వాడినయెడల ఆకులు రాలిపోయెను. రైతునకు తోడ్పడవలెనని చేసిన ఆ పరిశోధనా ఫలితములను, ఆకులు రాల్చు విషములను వెదకుచున్న సైనిక పరిశోధకులు ఉపయోగించుకొనిరని ఆయనకు తరువాత తెలిసెను.

వియత్నాం యుద్ధములో 1962 మొదలు 1971 వరకు అమెరికా విమానములు అడవులమీదను పంటలమీదను అట్టి విషములను చల్లెను. శత్రువు దాగుటకు చాటు లేకుండ చేయుటయు, అతనికి ఆహారము దొరకకుండ చేయుటయు దాని ఉద్దేశము. ఆ విధముగా చల్లబడిన మందు 7 కోట్ల లీటర్లకు పైమాట. వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది, పీపాలమీద వేసిన నారింజ రంగు పట్టీని బట్టి ‘ఏజెంట్ ఆరెంజ్’ అని పిలువబడినది. అందులో డయాక్సిన్ అను దారుణమైన విషము కలిసియుండెను. సముద్రతీరపు మడ అడవులు మోడులై మిగిలెను. యుద్ధము 1975లో ముగిసినను, దానాంగ్ విమానాశ్రయములో ఆ పీపాలుంచిన స్థలపు మట్టిని శుభ్రపరచు పని 2018వ సంవత్సరమునకు గాని ముగియలేదు.

ఆ విషమును చల్లుమని గాల్‌స్టన్ చెప్పలేదు. ఆయన కనుగొనిన రసాయనము ఏజెంట్ ఆరెంజ్ కాదు. అయినను తన జ్ఞానము ఏ త్రోవను పోయెనో తెలిసిన తరువాత ఆయన మౌనముగా నుండలేదు. ఇతర శాస్త్రజ్ఞులతో కలిసి ఆ పని నిలుపవలెనని ప్రభుత్వమునకు విజ్ఞాపన చేసెను. జాతులను నిర్మూలము చేయుట నేరమని లోకము రెండవ ప్రపంచ యుద్ధానంతరము నిర్ణయించినట్లే, మనుష్యుల నివాసమును నిర్మూలము చేయుటయు నేరమని ఎంచవలెనని ఆయన అడిగెను.

ఇది వాక్యమునకు క్రొత్త సంగతి కాదు. పట్టణమును ముట్టడి వేయునప్పుడు సహితము దాని ఫలవృక్షములను గొడ్డలితో నరకరాదని ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. చెట్టు మనుష్యునివలె ముట్టడింపదగిన శత్రువు కాదని అక్కడి తర్కము. యుద్ధము నేడో రేపో ముగియును. చెట్టు తరువాతి తరమునకు ఆహారము. కోపము రగిలిన దినమున కూడ రాబోవు దినమును దోచుకొనరాదని దేవుడు తన ప్రజలకు నేర్పెను. లెబానోను అడవులకును అక్కడి మృగములకును చేసిన బలాత్కారము దానిని చేసినవారి మీదికే తిరిగి వచ్చునని హబక్కూకు ప్రవక్తయు బబులోనును హెచ్చరించెను (హబక్కూకు 2:17).

2. తెలుపబడిన తరువాత

మన దేశములో పొడుచు ఎద్దు కథ 1984 డిసెంబరు 2వ తేది రాత్రి జరిగెను. భోపాల్ నగరములోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారమునుండి మిథైల్ ఐసోసయనేట్ అను విషవాయువు వెలువడి నిద్రించుచున్న పేటల మీద వ్యాపించెను. వేలకొలది జనులు మరణించిరి, లక్షలమంది గాయపడిరి.

ఇది ఎవరును ఊహింపని ఆపద కాదు. 1982లో మాతృసంస్థనుండి వచ్చిన నిపుణులే ఆ కర్మాగారమును పరిశీలించి లోపములను వ్రాసి యిచ్చియుండిరి. అదే సంవత్సరము రాజ్‌కుమార్ కేశ్వానీ అను స్థానిక పత్రికా రచయిత, నగరము ప్రమాదపు అంచున నున్నదని తన పత్రికలో వ్రాసెను. ఎవరును చెవియొగ్గకపోయినను మరల మరల వ్రాసెను. ఆ రాత్రి విషద్రవమును చల్లగా నుంచవలసిన యంత్రము ఆపివేయబడియుండెను. తప్పించుకొనిన వాయువును కాల్చివేయవలసిన గొట్టము విడదీయబడియుండెను. ఎద్దు పొడుచునదని యజమానునికి తెలుపబడెను. త్రాడు మాత్రము కట్టబడలేదు.

తరువాత జరిగిన న్యాయము ఎట్టిది? 1989లో 47 కోట్ల డాలర్ల పరిహారముతో రాజీ కుదిరెను. సంస్థ అధిపతి వారెన్ ఆండర్సన్ 1984లో భోపాల్‌లో అరెస్టయి, జామీనుపై విడువబడి దేశము విడిచి వెళ్లెను. ఏ న్యాయస్థానము ఎదుటను విచారణకు నిలువకయే 2014లో మరణించెను. 2010లో భోపాల్ న్యాయస్థానము భారతీయ అధికారులను దోషులుగా నిర్ణయించి, నాటి చట్టము ప్రకారము నిర్లక్ష్యమునకు గల గరిష్ఠ శిక్షయైన రెండు సంవత్సరముల చెర విధించెను. వారికి వెంటనే జామీను లభించెను. పాడుబడిన ఆ ఆవరణలో మిగిలిన విషపు చెత్తలో 337 టన్నులను అక్కడనుండి తరలించుటకు 2025 జనవరి వరకు కాలము పట్టెను.

భోపాల్ వంటి దుర్ఘటన నేడు ప్రతిపాదింపబడుచున్న నిర్వచనములో ఇముడునా, ఇమడదా యని న్యాయవేత్తలు చర్చింపవచ్చును. అయితే ఆ నిర్వచనము ఎందుకు కోరబడుచున్నదో భోపాల్ తెలియజేయుచున్నది. జరిమానా సంస్థ చెల్లించును. అది లెక్కల పుస్తకములో ఒక ఖర్చు. తెలిసియు సంతకము చేసిన మనుష్యుడు ఆ పుస్తకము వెనుక దాగును. మోషే ధర్మశాస్త్రము అట్టి దాపును అనుమతింపలేదు. ఎద్దును రాళ్లతో కొట్టి చంపుటతో దాని పని ముగియలేదు. యజమానుని పిలిచి, నీవు ఎరుగుదువా యని అడిగెను.

3. నేటి చట్టములోని ఖాళీ

హేగ్ నగరములో అంతర్జాతీయ నేర న్యాయస్థానము కలదు. 1998లో రోము నగరమున అంగీకరింపబడిన శాసనము ప్రకారము అది 2002లో స్థాపింపబడెను. జాతి నిర్మూలనము, మానవాళికి విరుద్ధమైన నేరములు, యుద్ధ నేరములు, దురాక్రమణ అను నాలుగు నేరములను అది విచారింపగలదు. ప్రకృతికి కలిగిన నష్టమును గూర్చి సూటిగా చెప్పు మాట ఆ శాసనములో ఒక్కచోటనే, యుద్ధ నేరముల క్రింద, కనబడును. అనగా యుద్ధములో అడవిని నాశనము చేసినవాడు కొన్ని షరతులకు లోబడి నేరస్థుడు కావచ్చును. సమాధాన కాలములో లాభముకొరకు అంతకంటె గొప్ప అడవిని నాశనము చేసినవానిని ఆ కార్యమును బట్టియే పట్టుకొనుటకు ఆ న్యాయస్థానమునకు మార్గము లేదు.

ఈ ఖాళీని పూడ్చవలెనను ప్రయత్నము దీర్ఘకాలముగా సాగుచున్నది. 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ మహాసభలో స్వీడను ప్రధాని ఓలోఫ్ పామే ఈ నేరమును గూర్చి మాటలాడెను. ఆ సభకు మన ప్రధాని ఇందిరాగాంధి స్వయముగా హాజరై, పేదరికమును మరచి పర్యావరణమును గూర్చి మాటలాడుట చెల్లదని జ్ఞాపకము చేసెను. స్కాట్లాండునకు చెందిన పాలీ హిగ్గిన్స్ అను న్యాయవాదిని తన వృత్తిని విడిచి, 2010 మొదలు 2019లో మరణించువరకు దీనికొరకే పాటుపడెను.

2021 జూన్‌లో పన్నెండుగురు న్యాయవేత్తల సంఘమొకటి ఒక నిర్వచనమును ప్రకటించెను. దాని సారాంశమేమనగా: ప్రకృతికి తీవ్రమైన హాని, అదియు విస్తారమైనదిగానో దీర్ఘకాలము నిలుచునదిగానో కలుగుటకు ఎక్కువ అవకాశము కలదని ఎరిగియు, చట్టవిరుద్ధముగా గాని, లెక్కలేనితనముతో గాని చేయబడు కార్యము నేరము. లెక్కలేనితనమనగా, రానున్న ప్రయోజనముకంటె హాని ఎంతో మిక్కుటమని స్పష్టముగా నున్నను దానిని లక్ష్యపెట్టకుండుట.

ఈ మాటలను నిదానముగా చదివిన కొన్ని భయములు తొలగును. వంట చెరకుకొరకు కొమ్మ నరకిన బీదరాలు ఈ చట్టము క్రిందికి రాదు. ఒక ఊరికి నీరు తెచ్చుటకు త్రవ్విన కాలువ రాదు. పేద దేశముల అభివృద్ధిని అడ్డగించుట దీని గురి కాదు; నది విషమైనప్పుడు మొదట ఆ నీటిని త్రాగువారు పేదలే గదా! ఆ నిర్వచనపు నడిబొడ్డున నున్న మాట ‘ఎరిగియు’ అనునది. మన ప్రభువు గృహనిర్వాహకుని ఉపమానములో పెట్టిన కొలతయు అదియే. యజమానుని చిత్తమెరిగి చేయనివానికి ఎక్కువ దెబ్బలు. ఎరుగనివానికి కొద్ది దెబ్బలు (లూకా 12:47–48). ఎక్కువ అప్పగింపబడినవాని యొద్ద ఎక్కువ అడుగబడును.

4. ద్వీపముల మొఱ

ఈ కోరికను అధికారికముగా హేగ్ ద్వారము వద్దకు తీసికొనిపోయినవారు మహా రాజ్యములవారు కారు. పసిఫిక్ మహాసముద్రములోని వనువాటు అను చిన్న దేశము 2019లో ఆ న్యాయస్థానపు సభ్య దేశముల సభలో మాటలాడి, 2024 సెప్టెంబరులో ఫిజీ, సమోవా దేశములతో కలిసి ప్రకృతి సంహారమును అయిదవ నేరముగా చేర్చవలెనని ప్రతిపాదన సమర్పించెను.

వనువాటు అను పేరు కొందరికి క్రొత్తగా తోచవచ్చును. 1980లో స్వాతంత్ర్యము పొందుటకు ముందు దాని పేరు న్యూ హెబ్రిడీస్. మిషనెరీల చరిత్రలు చదివిన ప్రతి క్రైస్తవ గృహమునకు ఆ పేరు పరిచితమే. 1839లో జాన్ విలియమ్స్ హతసాక్షియైన ఎరొమాంగా ద్వీపము అక్కడనే యున్నది. జాన్ పేటన్ 1858లో తన్నా ద్వీపమున కాలుమోపి, కొలది నెలలలోనే భార్యను, పసిబిడ్డను తన చేతులతోనే పాతిపెట్టినది అక్కడనే. తరువాత ఆయన అనీవా ద్వీపమున ముప్పది అడుగులకు మించి బావి త్రవ్వి, ఉప్పునీరు కాక మంచినీరు పడగా, భూమి క్రిందనుండి వర్షము నిచ్చిన దేవుని ఆ జనులు నమ్మిరి. నేడు ఆ దేశపు జనులలో అత్యధికులు క్రైస్తవులు. తాము దేవునియందు నిలిచియున్నామను భావము గల వాక్యము వారి రాజ్యచిహ్నముమీద వ్రాయబడియున్నది.

అయితే ఆ కథకు మరియొక ప్రక్క కలదు. మిషనెరీలకు ముందే ఆ ద్వీపములకు చందనపు వర్తకులు వచ్చిరి. ఎరొమాంగా ద్వీపపు చందన వృక్షములను దాదాపు తుడిచిపెట్టునంతగా నరకి ఓడలకెక్కించిరి. వారి దౌర్జన్యములు ఆ జనులలో తెల్లవారిపట్ల ద్వేషము పుట్టించెను. విలియమ్స్ మరణమునకు అదియు ఒక కారణమని చరిత్రకారులు చెప్పుదురు. పేటన్ ఆ జనులకు సువార్త ప్రకటించుటతో ఊరకుండలేదు. ద్వీపవాసులకు తుపాకులు, మత్తుపానీయములు అమ్మకుండ నిషేధింపవలెనని బ్రిటను, అమెరికా ప్రభుత్వములను వేడుకొనెను. వారిని కూలికి పట్టుకొనిపోవు వ్యాపారమును ఎదిరించెను. హృదయమును మార్చునది సువార్తయే యని ఎరిగినవాడే, బలవంతుని చేతిని ఆపుటకు చట్టము కావలెనని అడిగెను.

నేడు ఆ ద్వీపముల మీద సముద్రమట్టము పెరుగుచున్నది. 2015 మార్చిలో ‘పామ్’ అను పెనుతుఫాను ఆ దేశమును నేలమట్టము చేసెను. 2023 మార్చిలో కొద్ది దినముల వ్యవధిలోనే రెండు తుఫానులు వచ్చెను. లోకపు పొగలో వారి పాలు లెక్కకు రానంత స్వల్పము. వనువాటు ముందు నిలిచి నడిపించిన ప్రయత్నము వలన, వాతావరణ విషయములో రాజ్యములకు చట్టబద్ధమైన బాధ్యతలు కలవని అంతర్జాతీయ న్యాయస్థానము 2025 జూలై 23న అభిప్రాయము ప్రకటించెను. అది రాజ్యములను గూర్చిన మాట. ఎరిగి నాశనము చేసిన వ్యక్తిని గూర్చిన ప్రశ్న ఇంకను మిగిలియున్నది. క్రొత్త నేరమును చేర్చుటకు సభ్య దేశములలో మూడింట రెండు వంతులు సమ్మతింపవలెను. సమ్మతించిన తరువాత కూడ దానిని అంగీకరించిన దేశములనే అది బంధించును. మన భారతదేశము ఆ న్యాయస్థానములో సభ్య దేశము కాదు. కనుక మార్గము దీర్ఘమైనది.

మంచి మేత మేసి మిగిలినదానిని కాళ్లతో త్రొక్కి, తేట నీరు త్రాగి మిగిలినదానిని బురదచేయు బలిసిన గొఱ్ఱెలను యెహెజ్కేలు గద్దించెను (యెహెజ్కేలు 34:17–19). ఆ బురద నీటిని త్రాగవలసిన గొఱ్ఱెలే నేడు మొఱపెట్టుచున్నవి. మనకు మిషనెరీ కథలలో అన్యులుగా పరిచితులైన ఆ ద్వీపవాసుల సంతతివారు నేడు మనకు సహోదరులై న్యాయమడుగుచున్నారు.

5. చట్టము చేయగలదియు, చేయలేనిదియు

భూమి ఎట్లును గతించిపోవునదే గదా, దానిని గూర్చి విశ్వాసికి చింత యేల యని కొందరందురు. అద్దె ఇంటిలో నున్నవాడు, ఎట్లును ఖాళీ చేయుదునని గోడలు పడగొట్టునా? భూమి యెహోవాదని 24వ కీర్తన చెప్పుచున్నది. భూమిని నశింపజేయువారిని నశింపజేయు కాలము వచ్చునని ప్రకటన గ్రంథము 11:18 హెచ్చరించుచున్నది. ఆ తీర్పు దేవునిది. ఏ నగరపు న్యాయస్థానమునకు అది వాయిదా పడదు.

మరికొందరు చట్టమే సమస్తమును చక్కపరచునని తలంచుదురు. అదియు నిజము కాదు. నరహత్య నేరమని వ్రాయబడిన తరువాత నరహత్యలు ఆగిపోలేదు. చట్టము చేతిని ఆపగలదు, ఆశను చంపలేదు. నాబోతు ద్రాక్షతోటను చూచిన అహాబు హృదయమును ఏ శాసనమును మార్చజాలదు. క్రీస్తు రక్తమొక్కటే మార్చగలదు. అయినను చేతిని ఆపుటయు దయయే. ఎద్దు మెడలోని త్రాడు దాని స్వభావమును మార్చలేదు. వీధిలో ఆడుకొను బిడ్డను మాత్రము బ్రదికించును.

ఇక మన సంగతి యేమి? ఈ పాఠము హేగ్ నగరమును గూర్చినది మాత్రమే కాదు. మన సంఘములలో ఇంజనీర్లు కలరు, రసాయనశాలలలో పనిచేయువారు కలరు, కాలుష్యమును తనిఖీ చేయు ఉద్యోగులు కలరు, గుత్తేదారులు కలరు, గ్రామ పెద్దలు కలరు. రాత్రివేళ కర్మాగారపు మురుగు ఏ వాగులోనికి విడువబడుచున్నదో, ఏ నివేదికలో అంకెలు మార్చబడినవో, ఏ చెరువు ఎవరి పేరున పూడ్చబడుచున్నదో వారిలో ఎవరో ఒకరికి తెలియును. చూచినవాడైనను, తెలిసినవాడైనను సాక్ష్యము చెప్పక మానినయెడల దోషము తానే భరింపవలెనని లేవీయకాండము 5:1 బోధించుచున్నది. ఆ నియమము పాపపరిహారార్థబలి విధుల నడుమ నుండుట గమనింపదగినది. మౌనమునకు కూడ బలి కావలసియుండెను.

గాల్‌స్టన్ విషము చల్లలేదు, అయినను మాటలాడెను. కేశ్వానీ కర్మాగార యజమాని కాడు, అయినను వ్రాసెను. తమకు తెలిసినదానికి తాము బాధ్యులమని వారు ఎంచిరి. సిలువయొద్ద క్షమాపణ పొందిన విశ్వాసి అంతకంటె తక్కువవాడై యుండదగునా? ఉద్యోగము పోవునను భయము నిజమైనదే. దానిని చులకనగా మాటలాడుట తగదు. అందుచేతనే అట్టి సహోదరుని ఒంటరిగా విడువక, అతనితో నిలిచి, అతని కుటుంబమును ఆదరించుట సంఘము బాధ్యత.

సృష్టి యావత్తు దేవుని కుమారుల ప్రత్యక్షతకొరకు కనిపెట్టుచున్నదని పౌలు వ్రాసెను (రోమా 8:19–22). అది మూలుగుచు ఎదురుచూచుచున్నది. దేవుని కుమారులమని పేరు పెట్టుకొన్నవారు చేత త్రాడు పట్టుకొనియు ఎద్దును కట్టివేయక నిలిచియున్నయెడల, ఆ మూలుగునకు వారేమి ఉత్తరమిత్తురు?

చర్చకు ప్రశ్నలు

1. నిర్గమకాండము 21:28–29లోని రెండు తీర్పులకు భేదమేమి? 33–34 వచనములలోని మూయని గోతి నియమము అదే సూత్రమును ఎట్లు బోధించుచున్నది?
2. ద్వితీయోపదేశకాండము 20:19–20లో యుద్ధమునకు దేవుడు పెట్టిన హద్దు ఏది? సమాధాన కాలములో లాభమునకు అట్టి హద్దు అక్కరలేదా?
3. సంస్థ జరిమానా చెల్లించుటకును, వ్యక్తి లెక్క అప్పగించుటకును గల భేదమును లూకా 12:42–48 వెలుగులో వివరించుడి.
4. సువార్త ప్రకటించిన జాన్ పేటన్ చట్టముకొరకు కూడ ఏల వేడుకొనెను? ఆ రెండును పరస్పర విరుద్ధములా?
5. మీ ఊరి నీటికి, నేలకు, గాలికి కలుగుచున్న హానిలో మీకు తెలిసియు మీరు చెప్పనిది ఏదైనను కలదా? ఈ ప్రశ్నకు ఉత్తరము మొదట ఏకాంతముగా దేవునికి చెప్పుడి.

ప్రార్థన

భూమ్యాకాశములను సృజించిన తండ్రీ, నీ యింటిని మాకప్పగించితివి. ఎరుగక చేసినదానికంటె ఎరిగి ఊరకుండినదానికొరకు మమ్మును ఎక్కువగా క్షమించుము. సముద్రపు అంచున నిలిచి న్యాయమడుగుచున్న మా సహోదరుల మొఱ ఆలకించుము. చూచినదానిని చెప్పుటకు మాకు ధైర్యమును, చెప్పినవానితో నిలుచుటకు మా సంఘములకు ప్రేమను అనుగ్రహించుమని మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.